ఈస్ట్ చేజార్చుకున్న ఐదుగురు

(డాలస్ శివారులో తెలుగు కుటుంబాల వారాంతపు సభలో ఒక బాస్కెట్‌బాల్ అభిమాని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మావెరిక్స్ జెర్సీలు వేసుకున్న పిల్లలు కనబడుతున్నారు. ఇద్దరు ముగ్గురి వీపుల మీద ఇంకా 77 నంబరే ఉంది. (నవ్వులు) మనిషిని లాస్ ఏంజలస్‌కి పంపేశారు కానీ జెర్సీ బీరువాలోకి వెళ్లలేదన్నమాట. మంచిదే. ఆ 77 నంబరాయన కథ కూడా ఈరోజు మాటల్లో వస్తుంది.

నాకిచ్చిన అంశం ఇక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈస్ట్, వెస్ట్ కాన్ఫరెన్సుల మధ్య తేడా. పిల్లలకి తెలిసిందే, పెద్దవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. లీగ్‌లో 30 జట్లు. ఈస్ట్‌లో 15, వెస్ట్‌లో 15. ఒక్కో జట్టు సీజన్‌లో 82 ఆటలు ఆడుతుంది. అందులో 52 సొంత కాన్ఫరెన్స్ జట్లతో, 30 అవతలి వాళ్లతో. ప్లేఆఫ్స్‌కి ఇటు నుంచి 8, అటు నుంచి 8 వెళ్తాయి. అటూ ఇటూ గెలిచి మిగిలిన ఇద్దరూ ఫైనల్స్‌లో తలపడతారు. అంతే.

చూడ్డానికి చక్కగానే ఉంది. పేచీ ఎక్కడొస్తుందంటే, ఒకవైపు బలవంతులు కిక్కిరిసి ఉండి రెండోవైపు సగం ఖాళీగా ఉన్నప్పుడు.

2013-14 సీజన్ తీసుకోండి. ఫీనిక్స్ సన్స్ 48 ఆటలు గెలిచింది, 34 ఓడింది. వెస్ట్‌లో తొమ్మిదో స్థానం. ఇంటికి పొమ్మన్నారు. అదే ఏడాది ఈస్ట్‌లో టొరంటో, షికాగో కూడా సరిగ్గా 48 గెలిచాయి. వాళ్ల స్థానాలు మూడు, నాలుగు! ఎనిమిదో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లిన అట్లాంటా గెలిచింది 38. గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. సన్స్ కంటే పది ఆటలు తక్కువ గెలిచినవాళ్లు లోపల, సన్స్ బయట. పైగా సన్స్ ఆ 48 ఎవరి మీద గెలిచింది? 52 ఆటలు గట్టి వెస్ట్ జట్లతోనే ఆడి గెలిచింది. కాబట్టి ఆ అంకె చెప్పేదానికంటే అసలు తేడా ఇంకా పెద్దది.

ఇదేదో ఒక్క ఏడాది జరిగిన ముచ్చట అనుకోకండి. 2007-08లో గోల్డెన్ స్టేట్ కూడా 48 గెలిచి ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది వెస్ట్‌లో ఎనిమిదో జట్టు డెన్వర్ ఏకంగా 50 గెలిచింది. ఈస్ట్‌లో ఎనిమిదో జట్టు మళ్లీ అట్లాంటాయే, 37 గెలుపులతో. అయితే న్యాయం న్యాయంగా చెప్పాలి. ఒక్కో రౌండ్‌లో ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు. ఆ రెండుసార్లూ అట్లాంటా తొలి రౌండ్‌లో ఈస్ట్ నంబర్ వన్ జట్టుని ఆఖరిదైన ఏడో ఆట దాకా లాగింది. కుంటి గుర్రమే, కానీ గట్టిగానే తన్నింది.

ఇక టైటిళ్లు. 1998లో మైకేల్ జోర్డన్ షికాగో తరఫున ఆఖరి ట్రోఫీ ఎత్తాడు. ఆ తర్వాతి ఏడాది నుంచి 2025 దాకా 27 టైటిళ్లు. వెస్ట్‌కి 18, ఈస్ట్‌కి 9. ఒకటికి రెండు. రెండు కాన్ఫరెన్సుల జట్లు ముఖాముఖి ఆడిన లెక్క తీసినా, ఈ పాతికేళ్లలో ఈస్ట్‌ది పైచేయి అయిన సీజన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకిలా అని అడిగితే జనం చెప్పే జవాబులు రెండు మూడు ఉన్నాయి. ఎండ కాసే ఊళ్లు, బీచ్‌లు, అందుకే ఆటగాళ్లు వెస్ట్‌కి పోతారంటారు. మరి మయామీ ఎటుంది? అదీ ఈస్టే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదంటారు. ఫ్లోరిడాలోనూ లేదు. పెద్ద ఊళ్లు, పెద్ద డబ్బు అంటారు. న్యూయార్క్, షికాగో, బోస్టన్, ఫిలడెల్ఫియా అన్నీ ఈస్ట్‌లోనే ఉన్నాయి. న్యూయార్క్ నిక్స్ 2000 తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ ముఖం మళ్లీ చూసింది 2025లో. డబ్బే కారణమైతే ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? అటుపక్క శాన్ ఆంటోనియో, ఓక్లహోమా సిటీ. ఇవేమీ మహానగరాలు కావు, సముద్రమూ లేదు. టైటిళ్లు మాత్రం వాళ్ల దగ్గర ఉన్నాయి.

నా లెక్క వేరు. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది ఐదుగురు. క్రికెట్‌లో ఎంత గొప్ప బ్యాట్స్‌మన్ అయినా అవుటైతే వచ్చి డగౌట్‌లో కూర్చోవాలి. ఇక్కడ మీ అత్యుత్తమ ఆటగాడు 48 నిమిషాల్లో 36, 38 నిమిషాలు ఆడతాడు. బంతి ప్రతిసారీ అతని చేతిలో పెట్టొచ్చు. అందుకే ఒక్క మనిషి ఒక జట్టుని పదేళ్లు నిలబెట్టగలడు. కాన్ఫరెన్సుల మధ్య ప్రతిభ తేడా అంటే వందలమంది ఆటగాళ్ల తేడా కాదండీ, ఐదారుగురి తేడా. ఆ ఐదారుగురూ ఏ రోజు ఎటు వెళ్లారో చూస్తే చాలు.

చూద్దాం. డ్రాఫ్ట్ అంటే ఏటా కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు. 1996 డ్రాఫ్ట్‌లో 13వ వంతు షార్లట్‌ది, అంటే ఈస్ట్ జట్టు. వాళ్లు ఎంచుకున్నది కోబీ బ్రయంట్‌ని. ఎంచుకుని లేకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది వ్లాడే డివాట్స్. మంచి సెంటరే, కాదనను. కోబీ లేకర్స్‌కి ఐదు టైటిళ్లు తెచ్చాడు.

1998. తొమ్మిదో వంతు మిల్వాకీది, ఈస్ట్. వాళ్లు జర్మనీ నుంచి వచ్చిన ఒక పొడుగు కుర్రాణ్ని తీసుకుని ఆ రోజే ట్రేడ్ చేశారు. బదులుగా వాళ్లకి దక్కింది రాబర్ట్ ట్రేలర్. ఆ పొడుగు కుర్రాడు ఎక్కడికొచ్చాడో మీకు చెప్పక్కర్లేదు. (చప్పట్లు) డర్క్ నోవిట్స్కీ. ఇరవై ఒక్క సీజన్లు ఇదే ఊళ్లో. 2011లో లెబ్రాన్, వేడ్, బాష్ ఉన్న మయామీని ఓడించి తెచ్చిన టైటిల్.

2011. పదిహేనో వంతు ఇండియానాది, అదీ ఈస్టే. కవాయ్ లెనార్డ్‌ని ఎంచుకుని శాన్ ఆంటోనియోకి ఇచ్చి, జార్జ్ హిల్‌ని తెచ్చుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి కవాయ్ ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు.

2018లో ఒక్క రాత్రే రెండు. అట్లాంటా మూడో వంతులో లూకా డాన్చిచ్‌ని, అదే మన 77 నంబరాయన్ని, ఎంచుకుని డాలస్‌కి ఇచ్చేసి, ట్రే యంగ్‌నీ ఇంకో పిక్‌నీ, అంటే డ్రాఫ్ట్‌లో ఇంకో వంతునీ, తీసుకుంది. అదే రాత్రి పదకొండో వంతులో షార్లట్ ఎంచుకున్నది షే గిల్జస్-అలెగ్జాండర్‌ని. క్లిప్పర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా మైల్స్ బ్రిడ్జెస్. ఒక్క సీజన్ ఆడగానే షే క్లిప్పర్స్ నుంచి ఓక్లహోమా సిటీకి చేరాడు. 2025లో లీగ్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ, టైటిల్, మూడూ అతనివే.

కోబీనీ షేనీ ఇద్దర్నీ చేతిలో పెట్టుకుని వదిలింది ఒక్కటే ఊరు, షార్లట్. ఏ లీగ్‌లోనైనా ఇంతకంటే పెద్ద దురదృష్టం ఉంటుందనుకోను. మన డాలస్ మాటకొస్తే, ఈ ఊరు తలకెత్తుకున్న ఇద్దరు హీరోలూ ఈస్ట్ వాళ్లు డ్రాఫ్ట్ రోజు చేతికిచ్చినవాళ్లే. అందుకని ఈస్ట్ బలహీనమని మనం మరీ నవ్వకూడదు. (నవ్వులు)

వీటికి మరో రెండు కలపండి. 1996 వేసవిలో షకీల్ ఓనీల్ ఒర్లాండో వదిలి లేకర్స్‌కి వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో మొదటి వంతు ఎవరిదో తేల్చేది లాటరీ. 1997 లాటరీలో బోస్టన్ చేతిలో రెండు టికెట్లు ఉన్నాయి. అందరి లెక్కా మొదటి వంతు వాళ్లదే అని. అది శాన్ ఆంటోనియోకి తగిలింది. వాళ్లు టిమ్ డంకన్‌ని తీసుకుంటే, బోస్టన్‌కి మూడు, ఆరు వంతులు మిగిలాయి. ఓనీల్, కోబీ, డంకన్, నోవిట్స్కీ. 1996 నుంచి 1998 దాకా, మూడే మూడు వేసవులు. 1999 నుంచి 2003 దాకా ఐదు టైటిళ్లూ లేకర్స్, శాన్ ఆంటోనియోలే పంచుకున్నాయి.

ఇక ఈస్ట్ గెలిచిన ఆ తొమ్మిదీ ఎలా గెలిచిందో చూడండి. నాకు భలే నచ్చే లెక్క ఇది. 2006లో మయామీ. ఓనీల్ లేకర్స్ నుంచి వెనక్కి వచ్చాక. 2008లో బోస్టన్. మిన్నెసోటా నుంచి కెవిన్ గార్నెట్, సియాటిల్ నుంచి రే ఆలెన్ వచ్చిన మొదటి ఏడాదే. 2019లో టొరంటో. శాన్ ఆంటోనియో నుంచి కవాయ్ వచ్చిన ఒకే ఒక్క ఏడాది. 2012, 2013, 2016 మూడూ లెబ్రాన్ జేమ్స్‌వి. ఆయన 2018లో లేకర్స్‌కి వెళ్లిపోయాడు, 2020లో వాళ్లకీ ఒకటి ఇచ్చాడు. మిగిలినవి మూడు. మిల్వాకీలో యానిస్, 2024లో బోస్టన్, ఇంకా 2004లో డెట్రాయిట్. డెట్రాయిట్ ఒక్కటే నా సిద్ధాంతానికి లొంగదు. చాన్సీ బిలప్స్, బెన్ వాలెస్, రషీద్ వాలెస్. అందరూ గట్టివాళ్లే, ఒక్కడూ మహామహుడు కాదు. అయినా ఓనీల్, కోబీ ఉన్న లేకర్స్‌ని ఐదు ఆటల్లో చుట్టేశారు. సిద్ధాంతానికి ఒక డెట్రాయిట్ ఉండాలి లెండి.

కొంచెం వెనక్కి వెళ్తే బొమ్మ తిరగబడుతుంది. 1981 నుంచి 1998 దాకా 18 టైటిళ్లలో ఈస్ట్‌వి 12. ఆ రోజుల్లో వెస్ట్ అంటే లేకర్స్, తర్వాత పెద్దగా ఎవరూ లేరు. 1981లో హ్యూస్టన్ 40 గెలిచి 42 ఓడి కూడా ఫైనల్స్ దాకా వెళ్లింది! కాన్ఫరెన్స్ ఫైనల్‌లో వాళ్లకి ఎదురొచ్చిన కాన్సస్ సిటీది కూడా అదే 40-42. 1987లో సియాటిల్ 39 గెలుపులతో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. లేకర్స్ నాలుగు ఆటల్లో పంపించేసింది. ఈరోజు మనం ఈస్ట్‌ని అనే మాటలన్నీ అప్పుడు వెస్ట్‌ని అనుండాలి.

అప్పుడు చేజార్చుకున్నదెవరు? వెస్ట్ వాళ్లే. 1980లో గోల్డెన్ స్టేట్, రాబర్ట్ పారిష్‌నీ, తర్వాత కెవిన్ మెక్‌హేల్‌గా మారిన పిక్‌నీ బోస్టన్‌కి ఇచ్చింది. 1984లో పోర్ట్‌లాండ్ రెండో వంతులో శామ్ బోవీని తీసుకుంటే మూడో వంతులో జోర్డన్ షికాగోకి దొరికాడు. 1987లో సియాటిల్ స్కాటీ పిప్పెన్‌ని ఎంచుకుని, ఓల్డెన్ పాలినీస్ కోసం షికాగోకి ఇచ్చింది. అంటే ఇది ఈస్ట్ రక్తంలో ఉన్న జబ్బు కాదు. చేజార్చుకునే వంతు ఎప్పుడు ఎవరిదో, అంతే.

మరి అదృష్టమే అయితే పాతికేళ్లు ఒకేవైపు ఎందుకు ఉండిపోయింది? ఇక్కడే నిబంధనలు చేయి కలుపుతాయి. ఈ మాట ఎక్కువమంది పట్టించుకోరు, అందుకని కాస్త ఓపిక పట్టండి.

ప్లేఆఫ్స్‌కి వెళ్లని 14 జట్లకే లాటరీ. అంటే కొత్త కుర్రాళ్లలో మొదటి 14 వంతులూ వాళ్లవే. బలహీనులకి సాయం చేద్దామని పెట్టిన ఏర్పాటు. బాగానే ఉంది. కానీ ఎవరు బలహీనులన్నది గెలుపుల్ని బట్టి కాక, ప్లేఆఫ్స్‌కి వెళ్లారా లేదా అన్నదాన్ని బట్టి తేలుస్తున్నారు. ప్లేఆఫ్స్ గీత కాన్ఫరెన్స్ మధ్యలోంచి గీసుంది. దాంతో ఏమైంది? 2014లో 48 గెలిచిన సన్స్‌కి 14వ వంతు. 38 గెలిచిన అట్లాంటాకి 15వ వంతు. సన్స్ లాగే 48 గెలిచిన షికాగోకి 19, టొరంటోకి 20. బలమైన వెస్ట్‌లో తొమ్మిదో జట్టుకి లాటరీ టికెట్టు, నీరసమైన ఈస్ట్‌లో ఎనిమిదో జట్టుకి తొలి రౌండ్‌లో నాలుగు తన్నులు. బీద కాన్ఫరెన్స్ బీదగానే, ధనిక కాన్ఫరెన్స్ ధనికంగానే ఉండటానికి ఇదొక సన్నని పైపు. దీనివల్లే అంతా జరిగిందని నేననను. ఏటా కొంచెం కొంచెం కారుతూ ఉంటుంది.

2025 చూడండి, ఇంకా విచిత్రం. డాలస్ 39 గెలిచి ప్లే-ఇన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌లో ఆఖరి రెండు చోట్ల కోసం ఏడు నుంచి పది స్థానాల జట్లు ఆడే పోటీలో, మెంఫిస్ చేతిలో ఓడింది. లాటరీకి వెళ్లింది. మొదటి వంతు వచ్చే అవకాశం 1.8 శాతం. వచ్చింది! కూపర్ ఫ్లాగ్. (చప్పట్లు, ఈలలు) కొట్టండి కొట్టండి. కానీ అదే ఏడాది ఈస్ట్‌లో మయామీ 37 గెలిచింది, మనకంటే రెండు తక్కువ. పదో స్థానం నుంచి ప్లే-ఇన్‌లో రెండు ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌లోకి దూరింది. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ చేతిలో నాలుగుకి నాలుగు ఓడింది. ఆఖరిది 55 పాయింట్ల తేడాతో. పాత ట్రేడ్ షరతు ప్రకారం, ప్లేఆఫ్స్‌కి వెళ్లారు కాబట్టి వాళ్ల 15వ వంతు ఇంకొకరికి పోయింది. ఎవరికి? ఓక్లహోమా సిటీకి. ఆ ఏడాది 68 గెలిచి, టైటిల్ కొట్టిన వెస్ట్ జట్టుకి. షరతు మయామీ రాసుకున్నదే, దానికి కాన్ఫరెన్స్‌ని తిట్టలేం. కానీ 30 జట్లనీ ఒకే వరసలో నిలబెడితే 37 గెలిచిన జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లేది కాదు, ఆ పిక్ వాళ్ల దగ్గరే ఉండేది.

మరేం చేయాలి? మన ఐపీఎల్ చూస్తారు కదా. 2022 నుంచి పది జట్లు, ఐదేసి చొప్పున రెండు గ్రూపులు. ఎవరితో రెండుసార్లు ఆడాలి, ఎవరితో ఒక్కసారి ఆడాలి అన్నది తేల్చడానికే ఆ గ్రూపులు. పాయింట్ల పట్టిక మాత్రం ఒక్కటే. పై నలుగురు వెళ్తారు, వాళ్లు ఏ గ్రూపు వాళ్లని ఎవరూ అడగరు. సన్‌రైజర్స్ ఏ గ్రూపో ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? (నవ్వులు) నేను అడిగేదీ అదే. షెడ్యూల్ కోసం ఈస్ట్, వెస్ట్ ఉంచుకోండి. ప్లేఆఫ్స్‌కి పోయే 16 మందినీ ఒకే పట్టిక నుంచి తీయండి.

సాధ్యం కాదని లీగ్ చెప్పే కారణం ప్రయాణం. బోస్టన్ నుంచి లాస్ ఏంజలస్ నాలుగు వేల కిలోమీటర్ల పైనే, గడియారంలో మూడు గంటల తేడా. తొలి రౌండ్‌లోనే మయామీ, పోర్ట్‌లాండ్ తగిలితే ఆటగాళ్లు నలిగిపోతారంటారు. కొట్టిపారేసే మాట కాదు. ఫైనల్స్‌లోనే ఆ ప్రయాణం తగ్గించడానికి 1985 నుంచి 2013 దాకా మధ్యలో మూడు ఆటలు వరసగా ఒకే ఊళ్లో పెట్టేవారు.

కానీ 2020 గుర్తు చేసుకోండి. కోవిడ్ టైమ్. అందర్నీ ఒర్లాండో దగ్గర డిస్నీ ప్రాంగణంలో పెట్టి ఆడించారు. విమానం లేదు, టైమ్ జోన్ లేదు, హోటల్ నుంచి కోర్టుకి బస్సు. అక్కడికి పిలిచింది 22 జట్లని. అందులో 13 వెస్ట్, 9 ఈస్ట్. పిలవడంలోనే తేడా ఒప్పుకున్నారు. ప్లేఆఫ్స్ మాత్రం మళ్లీ ఎనిమిది, ఎనిమిది. ప్రయాణమే అడ్డమైతే ఆ ఏడాది అడ్డమేముంది?

ఇంకా దగ్గరి ఉదాహరణ ఆడవాళ్ల లీగ్, డబ్ల్యూఎన్‌బీఏ. 2016లో వాళ్లు కాన్ఫరెన్స్ చూడకుండా పై ఎనిమిది జట్లని తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఫైనల్స్‌లో మిన్నెసోటా, లాస్ ఏంజలస్. రెండూ వెస్టే. పాత పద్ధతిలో ఆ ఫైనల్ జరిగేదే కాదు. ఐదో ఆట దాకా వెళ్లింది, లాస్ ఏంజలస్ గెలిచింది. మరుసటి ఏడాది మళ్లీ వాళ్లిద్దరే, మళ్లీ ఐదు ఆటలు, ఈసారి మిన్నెసోటా. ఆకాశమేమీ విరిగిపడలేదు.

అసలు అడ్డంకి ఓట్లని నా అనుమానం. మార్పు కావాలంటే యజమానులు ఒప్పుకోవాలి. 30 మందిలో 15 మంది ఈస్ట్ వాళ్లు. 38 ఆటలు గెలిచినా ప్లేఆఫ్స్ టికెట్లు అమ్ముకునే వీలున్నప్పుడు, వద్దని ఏ యజమాని చెయ్యెత్తుతాడు?

నా టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభికుల్లోంచి ఒక కుర్రాడు: అంకుల్, సియాటిల్, లాస్ వేగాస్ కొత్త జట్లు వస్తే మిన్నెసోటానో మెంఫిస్‌నో ఈస్ట్‌కి మార్చేస్తారంటున్నారు కదా. అప్పుడు బ్యాలెన్స్ అయిపోతుందా?)

మంచి ప్రశ్న నాన్నా. ఆ రెండూ వెస్ట్‌లోకి వస్తే అటు 17, ఇటు 15 అవుతాయి. సమానం చేయాలంటే ఒకటి ఇటు రావాల్సిందే. మిన్నెసోటా, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్ పేర్లు చెప్తుంటారు. మ్యాప్ చూస్తే ఆ మూడూ అసలు వెస్ట్‌లో ఎందుకున్నాయో అర్థం కాదు. న్యూ ఆర్లీన్స్ అయితే 2002 నుంచి రెండేళ్లు ఈస్ట్‌లోనే ఆడింది. షార్లట్‌కి కొత్త జట్టు వచ్చేసరికి 2004లో దాన్ని అటు తోశారు. మిన్నెసోటా ఇటొస్తే ఆంథనీ ఎడ్వర్డ్స్ కూడా వస్తాడు. ఒక్క స్టార్ బరువు ఇటు పడుతుంది.

దీన్ని చిన్న మార్పు అనుకోకు. 1980లో ఇలాగే ఒకసారి గీత జరిపారు. అప్పటిదాకా షికాగో, మిల్వాకీ వెస్ట్‌లో ఉండేవి, వాటిని ఈస్ట్‌కి తెచ్చారు. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో ఈస్ట్‌లో ఉండేవి, వాటిని వెస్ట్‌కి పంపారు. నాలుగేళ్లకి జోర్డన్ షికాగో వచ్చాడు. ఆ ఆరు టైటిళ్లూ ఈస్ట్ ఖాతాలో పడ్డది ఆ మార్పు వల్లే. ఇందాక 1999 నుంచి 18, 9 అని లెక్క చెప్పాను కదా. 1980 గీత జరపలేదనుకుని అదే లెక్క మళ్లీ వెయ్యి. శాన్ ఆంటోనియో ఐదు టైటిళ్లు ఈస్ట్‌కి వస్తాయి. 2021లో మిల్వాకీ గెలిచింది వెస్ట్‌కి పోతుంది. ఎంతైంది?

(కుర్రాడు: పద్నాలుగు... పదమూడు.)

వెస్ట్ 14, ఈస్ట్ 13. కూర్చో నాన్నా. తర్వాతి ప్రశ్న?